హెంప్ గింజలు, నూనె, విజయ మందులు, గమ్మీలు: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లకు ఏది తగును, ఏది తగదు

హెంప్ అనే పేరుతో ఇప్పుడు నాలుగు రకాల తినే పదార్థాలు మన ప్రాంతపు ఇళ్లకు చేరుతున్నాయి. విజయనగరంలో కొత్తగా జిమ్‌లో చేరిన కుర్రవాడు ప్రొటీను కోసం ఆన్‌లైనులో తెప్పించుకునే గింజలు మొదటివి. మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెప్పగా పెద్దవారు వాడబోయే నూనె రెండవది. ఆయుర్వేద సంస్థలు విజయ అనే పేరుతో అమ్మే మాత్రలు, చుక్కల మందులు మూడవ రకం. అమెరికా నుండి సెలవులకు వచ్చిన పిల్లలు, నిద్ర పట్టడం లేదంటున్న తల్లిదండ్రుల కోసం సూట్‌కేసులో పెట్టుకొచ్చే గమ్మీలు, అంటే జెల్లీ మిఠాయిలు, నాలుగవ రకం. పేరు ఒకటే కావడం వల్ల జనం వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అందువల్ల కొందరు అమాయకమైన గింజలను చూసి గంజాయి అని ఉలిక్కిపడుతున్నారు, మరికొందరు గమ్మీలను మూలికల మిఠాయి అని నమ్మి నోట్లో వేసుకుంటున్నారు. రెండూ పొరపాట్లే అయినా, ఆసుపత్రికో పోలీసు స్టేషనుకో దారితీసేది రెండవది.

ముందుగా ఏమి చూడాలి

ఈ నాలుగింటికీ మూలం గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ అతి తక్కువగా ఉండేలా ఎంపిక చేసి పెంచిన రకాలను హెంప్ అంటారు. మొక్క ఏదైనా, మత్తు పదార్థం ఊరేది ఆడ మొక్క పూత కొసలలోని జిగురులో. ఆకులో అది కొంత ఉంటుంది. గింజ లోపల దాదాపు ఉండదు, పైపొట్టుకు అంటుకున్న జిగురు జాడలు మాత్రమే మిగులుతాయి. కాబట్టి అట్ట మీద హెంప్ అని ఉన్నదా లేదా అన్నది కాక, లోపలిది గింజా, ఆకా, పూత నుండి తీసిన సారమా అన్నదే అడగవలసిన మొదటి ప్రశ్న.

చట్టం కూడా ఇదే గీతను గీసింది. మాదకద్రవ్యాల మీద చేసిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిని పూత కొసలుగా, కాయ కొసలుగా నిర్వచించి, వాటితో కలిసి లేనప్పుడు గింజలను, ఆకులను ఆ నిర్వచనం నుండి మినహాయించింది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 నవంబరులో హెంప్ గింజలను, గింజల నూనెను, గింజల పిండిని ఆహారంగా అమ్మడానికి అనుమతించింది. ఆ అనుమతి గింజ దగ్గరే ఆగుతుంది. ఆకును గాని పూతను గాని ఆహారంగా అమ్మడానికి అది చెల్లదు.

రెండవ ప్రశ్న మోతాదుది. ఒక ముక్కలో లేదా ఒక చెంచాలో ఎన్ని మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, ఎన్ని మిల్లీగ్రాముల సీబీడీ (ఇదే మొక్కలో ఉండే, మత్తు ఇవ్వని మరో పదార్థం) ఉన్నాయో అట్ట మీద స్పష్టంగా లేకపోతే, తేలికపాటిది, సహజమైనది వంటి మాటలకు విలువ లేదు. మూడవది లైసెన్సు: ఆహారమైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల సంఖ్య, ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు సంఖ్య కనిపించాలి. ఇక తినే మనిషి వయస్సు, వాడుతున్న మందులు, చేస్తున్న ఉద్యోగం, వెళ్లబోయే దేశం కూడా లెక్కలోకి వస్తాయి. ధర గురించి ఆ తరువాతే ఆలోచించాలి.

| రకం | మొక్కలో భాగం | మత్తు అవకాశం | మన దగ్గర చట్టపరమైన స్థితి |
|---|---|---|---|
| గింజలు, పిండి | గింజ | లేదు | ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుతో ఆహారం |
| గింజల నూనె | గింజ | లేదు | ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుతో ఆహారం |
| విజయ మందులు | ఆకు, ఆకు సారం | ఉంది | వైద్యుని చీటీతో, వైద్య పర్యవేక్షణలో మందు |
| టీహెచ్‌సీ గమ్మీలు, చాక్లెట్లు | పూత సారం | బాగా ఉంది | నేరం |

గింజలు, పిండి

వైద్యుని అడగకుండా సాధారణ ఆరోగ్యవంతుడు తినగలిగినవి ఈ గింజలు, వాటి పిండి, నూనె మాత్రమే. ఉత్తరాఖండ్ కొండ గ్రామాలలో వీటిని వేయించి నూరి పచ్చడి చేసుకోవడం పాత అలవాటు. పట్టణాలలో అమ్మేవి ఎక్కువగా పొట్టు తీసిన తెల్లని పప్పు రూపంలో ఉంటాయి.

మత్తు భయం ఎంత అర్థరహితమో ఒక చిన్న లెక్క చెబుతుంది. గింజలలో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములకు మించరాదన్నది ప్రమాణం. రోజుకు రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 20 గ్రాములు తిన్నవారికి, అట్టలోని సరుకు ఆ హద్దును పూర్తిగా తాకినా, చేరేది 0.1 మిల్లీగ్రాము. టీహెచ్‌సీని చట్టబద్ధంగా అమ్మే దేశాలలో కొత్తవారికి చెప్పే కనీస మోతాదు 2.5 మిల్లీగ్రాములు. అంత మోతాదు కావాలంటే అర కిలో గింజలను ఒక్కసారిగా మింగాలి, అది జరిగే పని కాదు.

పోషణ సంగతికి వస్తే, పొట్టు తీసిన 100 గ్రాముల గింజలలో సుమారు 31 గ్రాముల ప్రొటీను, 49 గ్రాముల కొవ్వు ఉంటాయి. మెగ్నీషియం దండిగా ఉంటుంది. అదే తూకం వేరుశనగలో ప్రొటీను 25 గ్రాముల దాకా, నువ్వులలోను అవిసె గింజలలోను 18 గ్రాముల దాకా ఉంటుంది. ప్రొటీను ఒక్కటే చూస్తే హెంప్ ముందున్న మాట నిజం. అయితే ఒమేగా-3 కోసం కొంటున్నామనేవారు అవిసెలను చూడాలి, ఎందుకంటే 100 గ్రాముల అవిసెలలో అది సుమారు 22 గ్రాములుంటే హెంప్‌లో 8 నుండి 9 గ్రాముల మధ్యే. కాల్షియం కావలసినవారికి పొట్టుతో ఉన్న నువ్వులకు హెంప్ దరిదాపుల్లోకి కూడా రాదు. ధర మాత్రం నువ్వుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత చోడి అంబలి, అవిసె గింజల కారప్పొడి, నువ్వుల చిమ్మిలి రోజూ వంటింట్లో ఉన్న ఇంటికి హెంప్ గింజలు తప్పనిసరి అవసరం అని నేను అనుకోను. పాలు, గుడ్లు ముట్టనివారికి, వేరుశనగ పడనివారికి, వ్యాయామం చేస్తూ ప్రొటీను లెక్క చూసుకునేవారికి మాత్రం ఆ ఖర్చులో అర్థం ఉంది.

కొనే చోట ఒక జాగ్రత్త మన జిల్లాల వారికి ప్రత్యేకంగా చెప్పాలి. హెంప్‌ను తెలుగులో జనపనార అని రాసేవారు ఉండడం వల్ల, జనుము విత్తనాలే హెంప్ గింజలనుకునే ప్రమాదం ఉంది. పచ్చిరొట్టకూ పశువుల మేతకూ మన రైతులు చల్లే జనుము వేరే మొక్క. దాని గింజలలో కాలేయాన్ని దెబ్బతీసే విషపదార్థాలున్నాయి, పైగా విత్తనాల దుకాణంలో అమ్మేవాటికి మందు పట్టించి ఉండవచ్చు. నెల్లిమర్ల మిల్లుల వల్ల అందరికీ తెలిసిన గోగునారకూ హెంప్‌కూ కూడా ఏ సంబంధమూ లేదు. తినడానికి కొనేది ఎప్పుడూ ఆహార లైసెన్సు ఉన్న అట్టపెట్టెలోనే కొనాలి, విత్తనాల దుకాణంలో కాదు.

మన తీరపు తేమకు పొట్టు తీసిన గింజలు త్వరగా మక్కు వాసన పట్టుకుంటాయి. తక్కువ తూకం అట్ట కొని, గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి. పిండి అంటే నూనె తీయగా మిగిలిన పదార్థమే కాబట్టి అందులో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. రొట్టె పిండిలో నాలుగో వంతుకు మించి కలిపితే రుచి మట్టిగా ఉంటుంది.

గింజల నూనె

ఈ నూనె విషయంలో డబ్బు పోగొట్టుకునేవారే ఎక్కువ. నొప్పులకు, నిద్రకు, మూర్ఛకు సీబీడీ పనిచేస్తుందని విన్నవారు, హెంప్ నూనె అన్న పేరు చూసి ఇదే ఆ మందు అనుకుంటారు. గింజల నుండి చేసిన ఆహారంలో సీబీడీ కిలోకు 75 మిల్లీగ్రాములకు మించరాదని నియమం. అంటే చిన్న చెంచా నూనెలో ఎంత ఎక్కువ లెక్కేసినా అర మిల్లీగ్రాము కూడా ఉండదు. పిల్లలలో వచ్చే రెండు అరుదైన మూర్ఛ వ్యాధులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతించిన సీబీడీ మందును ఇచ్చే మోతాదు శరీర బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలై 10 మిల్లీగ్రాములకూ ఆ పైకీ పోతుంది. 60 కిలోల మనిషికి 10 చొప్పున అది 600 మిల్లీగ్రాములు. చెంచా నూనెతో ఆ పని జరుగుతుందని చెప్పేవారు తెలియక చెబుతున్నారు, లేదా అమ్ముకోవడానికి చెబుతున్నారు.

వంట నూనెగా చూస్తే మంచిదే, కాని సుమారు 165 డిగ్రీల దగ్గరే పొగలు వస్తుంది కాబట్టి తాలింపుకూ వేపుడుకూ పనికిరాదు. చల్లారిన కూర మీదనో కారప్పొడిలోనో కలుపుకోవచ్చు. ఆ పనికి మన గానుగ నువ్వుల నూనె ఇంతకంటే రుచిగా ఉంటుందన్నది నా అభిప్రాయం.

విజయ మందులు

ఆయుర్వేదంలో భంగాకుకు విజయ అని పేరు. ఆకు ఎన్‌డీపీఎస్ నిర్వచనంలో లేకపోవడం వల్ల, ఆయుష్ లైసెన్సు ఉన్న సంస్థలు దానితో మాత్రలు, నూనెలు తయారు చేయగలుగుతున్నాయి. అయితే మందుల చట్టపు నియమాలలోని షెడ్యూల్ ఇ(1) అనే విషద్రవ్యాల జాబితాలో గింజలు మినహా ఈ మొక్క ఉన్నది. కాబట్టి అట్ట మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. ఆ హెచ్చరికను లాంఛనంగా భావించవద్దని నా సలహా, ఎందుకంటే ఈ మందులలో కొన్నింటిలో టీహెచ్‌సీ నిజంగానే ఉంటుంది. చుక్కలు వేసుకుని స్కూటరు ఎక్కకూడదు. మత్తు పదార్థాల ప్రభావంలో వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద నేరం.

దీర్ఘకాలపు నొప్పులు, క్యాన్సరు చికిత్సలో వాంతులు వంటి బాధలకు, ఇతర మందులు పనిచేయనప్పుడు, చూసి పరీక్షించిన వైద్యుడు రాస్తే దీనిని వాడడంలో తప్పు లేదు. ఫోనులో నాలుగు ప్రశ్నలు అడిగి చీటీ పంపే పద్ధతిని మాత్రం నేను నమ్మలేను. ఆ వైద్యునికి మీరు వాడుతున్న ఇతర మందులన్నీ తెలియాలి. రక్తం పలుచబడడానికి వాడే వార్ఫరిన్, కొన్ని మూర్ఛ మందులు, అవయవ మార్పిడి తరువాత వాడే టాక్రోలిమస్ కాలేయంలో కరిగే తీరును సీబీడీ మారుస్తుంది. ఫలితంగా రక్తంలో వాటి స్థాయి పెరగవచ్చు. ఎక్కువ మోతాదులో సీబీడీ కాలేయపు ఎంజైములను కూడా పెంచుతుంది. మీ పాత వైద్యుడు అల్లోపతి వాడైతే ఆయనకు ఈ సంగతి చెప్పడానికి మొహమాటపడకండి.

చీటీ, కొనుగోలు రసీదు, అసలు అట్ట మూడింటినీ మందుతోనే ఉంచుకోవాలి. ఒడిశా సరిహద్దు గంజాయి రవాణా వల్ల ఇచ్ఛాపురం నుండి విశాఖ దాకా జాతీయ రహదారి మీద, రైళ్లలో, బస్సులలో తనిఖీలు సాధారణం. రాష్ట్ర ప్రభుత్వం 2024లో మత్తు పదార్థాల కట్టడికి ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని కూడా ఏర్పాటు చేసింది. అట్ట పారేసి చిన్న సీసాలోకి మార్చిన ఆకుపచ్చని నూనె మందో కాదో ఆ క్షణంలో మీరు నిరూపించలేరు.

కాశీలో లైసెన్సు దుకాణంలో తాగిన భంగును తలచుకుని ఇక్కడ కూడా దొరికితే బాగుండునని అనేవారు ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోనూ రాజస్థాన్‌లోనూ ప్రభుత్వ అనుమతితో అమ్మే దుకాణాలున్న మాట నిజమే. కాని గ్లాసులో ఎంత మోతాదు పడుతుందో అమ్మేవాడికి కూడా తెలియదు. పైన చెప్పిన రెండవ ప్రశ్న దగ్గరే అది ఓడిపోతుంది.

గమ్మీలు, చాక్లెట్లు

అమెరికాలో 2018 వ్యవసాయ చట్టం ఎండు బరువులో 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న హెంప్‌ను మాదకద్రవ్యాల జాబితా నుండి తప్పించింది. శాతం చిన్నదే, కాని 4 గ్రాముల గమ్మీలో 0.3 శాతమంటే 12 మిల్లీగ్రాములు, అంటే కొత్తవారి మోతాదుకు దాదాపు ఐదు రెట్లు. తేలికపాటి హెంప్ గమ్మీ తిని అరవై దాటిన తల్లి రాత్రంతా గుండెదడతో, అయోమయంతో కూర్చోవడానికి కారణం ఇదే. ఈ సందును మూయడానికి అక్కడి ప్రభుత్వమే 2025 నవంబరులో చట్టాన్ని సవరించి, ఒక డబ్బా మొత్తానికి 0.4 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. అది ఏడాది గడువు తరువాత అమలులోకి వచ్చేలా రాశారు.

తిన్న టీహెచ్‌సీ పీల్చినదాని వలె కాదు. కాలేయం దానిని మరింత ఘాటైన రూపంలోకి మారుస్తుంది. ప్రభావం కనిపించడానికి అరగంట నుండి రెండు గంటలు పడుతుంది. ఆరు నుండి ఎనిమిది గంటలు, కొందరిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. మొదటి ముక్క ఏమీ చేయలేదనుకుని గంటకే రెండవది వేసుకోవడం వల్లనే చాలామంది ఇబ్బంది పడతారు. ఆ దేశాలలో ఉంటున్న మన పిల్లలు, అక్కడి చట్టం ఒప్పుకున్న చోట తీసుకోదలిస్తే, పాటించవలసిన పద్ధతి తెలిసినదే: 2.5 మిల్లీగ్రాములకు మించకుండా, మద్యం లేకుండా, మరుసటి రోజు దాకా రెండవ ముక్క ముట్టకుండా, కారు తాళాలు మరొకరికి ఇచ్చి.

ఇక్కడ మాత్రం ఈ ఎంపికకు చోటు లేదు. గంజాయి సారం కలిపిన ఏ మిశ్రమమైనా, పానీయమైనా ఎన్‌డీపీఎస్ చట్టం కిందికే వస్తుంది. పైగా మిశ్రమంలో మత్తు పదార్థం బరువును మాత్రమే కాక, కలిపిన ఇతర పదార్థాల బరువును కూడా చేర్చి పరిమాణం లెక్కించాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. గమ్మీ విషయంలో ఆ ఇతర పదార్థాలు చక్కెరా జెలటినే. కొడుకు ప్రేమతో తెచ్చిన డబ్బా విమానాశ్రయంలో పట్టుబడితే ఆ ప్రేమ కేసులో లెక్కకు రాదు. నిద్ర పట్టని అమ్మానాన్నలకు అవసరమైనది వైద్య పరీక్ష. థైరాయిడ్, రాత్రిపూట మూత్రం, దిగులు, మధ్యాహ్నపు కునుకు, వీటిలో ఏది కారణమో తేల్చుకోకుండా మిఠాయి తినిపించడం సరికాదు.

ఎవరికి ఏది

ఉద్దానం ప్రాంతపు కుటుంబాల గురించి ముందు చెబుతాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తరించిందో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ రోగులకు ప్రొటీను, పొటాషియం, ఫాస్ఫరస్ మూడూ హద్దులో ఉండాలి. హెంప్ గింజలలో మూడూ అధికమే: 100 గ్రాములలో ఫాస్ఫరస్ 1600 మిల్లీగ్రాములు దాటుతుంది, పొటాషియం సుమారు 1200 మిల్లీగ్రాములు ఉంటుంది. రక్త పరీక్షలో మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ పెరిగిందని ఒకసారి తేలినవారు ఆరోగ్య ఆహారమని వీటిని మొదలుపెట్టకూడదు. ఇంట్లో ఆ జబ్బు ఉండి తమకు ఇంకా పరీక్ష జరగనివారు ముందు పరీక్ష చేయించుకుని తరువాత ఆలోచించాలి. విజయ మందుల విషయంలోనైతే పలాస కిడ్నీ ఆసుపత్రి వైద్యుల మాట వినకుండా ఒక్క చుక్క కూడా వద్దు.

సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుండి గల్ఫ్‌కూ సింగపూరుకూ పనికి వెళ్లేవారికి నా సలహా మరీ కఠినం. గింజలతో సహా హెంప్ పేరున్న ఏ వస్తువూ సామానులో పెట్టవద్దు. ఇక్కడ ఆహారమైనది అక్కడ మాదకద్రవ్యమవుతుంది. సింగపూరులో సీబీడీ కూడా నిషిద్ధమే. విమానం ఎక్కబోయే వారాలలో విజయ మందులకు కూడా దూరంగా ఉండాలి, ఎందుకంటే టీహెచ్‌సీ జాడలు మూత్ర పరీక్షలో చాలా రోజులు కనిపిస్తాయి. సైన్యంలో, రైల్వేలో వైద్య పరీక్షకు సిద్ధమవుతున్న కుర్రవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 25 ఏళ్ల లోపువారు, తమలోగాని తల్లిదండ్రులలోగాని తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు టీహెచ్‌సీ ఉన్న ఏ రూపాన్నీ తీసుకోరాదు. గింజలు వీరిలో చాలామందికి హాని చేయవు, అయినా గర్భిణులు వైద్యురాలిని ఒక మాట అడగడం మంచిది.

జిమ్ కుర్రవాడి సంగతి తేలిక. గింజలు గాని పిండి గాని కొనుక్కో, ఒక పెద్ద చెంచాతో మొదలుపెట్టి కడుపు ఎలా ఉందో చూసుకో, డబ్బు చాలకపోతే వేయించిన వేరుశనగ, ఉడికించిన గుడ్లు తిను.

పొరపాటున తింటే

ఇంట్లో పిల్లలకు మిఠాయిలా కనిపించేది ఏదైనా ఉంటే తాళం ఉన్న బీరువాలో, అసలు అట్టలోనే ఉంచాలి. ఎవరైనా తెలియక గమ్మీ తిన్నట్టు అనుమానం వస్తే, పెద్దవారైతే ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చోవాలి, నీళ్లు ఇవ్వాలి, మరేమీ తిననివ్వకూడదు, బండి ఎక్కనివ్వకూడదు. చిన్నపిల్లలైతే, లేదా ఎవరైనా లేపినా లేవకపోతే, శ్వాస మందగిస్తే, ఛాతీలో నొప్పి అంటే, ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేసి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పోలీసులకు తెలుస్తుందేమో అన్న భయంతో వైద్యునికి అబద్ధం చెప్పవద్దు. ఏమి తిన్నారో, ఎన్ని ముక్కలో, ఎన్ని గంటలకో చెప్పి, అట్టను కూడా వెంట తీసుకువెళితే అనవసరపు పరీక్షలు తప్పి చికిత్స త్వరగా మొదలవుతుంది.